కెజాయా పెట్టెకు అరపెన్నీ తారు

గురువారం పొద్దున్న కళ్ళు తెరిచేసరికే ఈనాక్ ఓగ్డెన్ ఆ రోజు పనంతా మనసులో వరసగా పేర్చుకున్నాడు. పదింటికల్లా కెజాయా ముసలమ్మ శవపేటిక ముగించాలి. మధ్యాహ్నానికి ఆమెను అందులో పడుకోబెట్టి, రెండింటికి కొండమీది చాపెల్ శ్మశానానికి చేర్చాలి. నాలుగింటికి ఆమె కూతురు థిర్జా పెట్టే ఉడికించిన పందితొడ తినాలి. మొదటివన్నీ వడ్రంగి పనులు. చివరిదాని కోసం మాత్రం అతను ఆదివారం నుంచి, అంటే ముసలమ్మ కన్నుమూసిన ఘడియ నుంచి, ఎదురుచూస్తున్నాడు.

బ్రాక్‌షా ఊళ్ళో మనిషి ఎలా బతికాడని ఎవరూ అడగరు. వచ్చినవాళ్ళకు పందితొడ పెట్టి పూడ్చారా లేదా అని అడుగుతారు. మిల్లులు వారానికి మూడు రోజులే తిరుగుతున్న ఏడు అది. చాలా ఇళ్ళలో రొట్టె మీదికి వెన్న లేదు. అయినా కెజాయా ముప్పై ఏళ్ళపాటు వారానికో పెన్నీ చావుచీటీ కట్టింది. "నన్ను మాత్రం గోడవారకు పంపకే పిల్లా" అని కూతురి చేత ఒట్టు వేయించుకుంది. గోడవార అంటే శ్మశానానికి ఉత్తరపు గోడ పక్కన ఎండ తగలని చోటు. దిక్కులేనివాళ్ళను మునిసిపాలిటీ ఖర్చుతో, సున్నం చల్లి, గంట కొట్టకుండా, రాయి పాతకుండా అక్కడ పూడుస్తారు. కెజాయా మొగుడు అక్కడే ఉన్నాడు. ఆయన పోయిన ఏడు ఇంట్లో చీటీ లేదు.

"తారు కుండ అడుగంటింది, చూసుకున్నావా?" అని ఈనాక్ భార్య సెలీనా టీ పోస్తూ అడిగింది.

"చూశాలే. పెట్టె తలవైపు కీళ్ళు పూడ్చడానికి సరిపోతుంది, కాళ్ళవైపు చాలదు. చాలకపోతే ఏం? ఆవిడ ఎండుపుల్లలా ఉంది. ఏం కారుతుంది?"

"మా నాన్నా ఇలాగే అన్నాడు. అరపెన్నీ తారుకు లోభపడి, పుండుపడ్డ గొర్రెకు పూయకుండా వదిలేశాడు. దాన్నుంచి మంద మొత్తానికీ అంటుకుంది."

"గొర్రె కాదే, ఓడ. అరపెన్నీ తారుకు వెనకాడితే ఓడ మునుగుతుందని సామెత."

"నువ్వు ఓడ మొహం ఎప్పుడైనా చూశావా? ఆ సామెత పుట్టింది మా కొండమీద గొర్రెల దగ్గర. సముద్రం వాళ్ళు తర్వాత ఎత్తుకుపోయారు. గొర్రెకైనా ఓడకైనా తారు తారే. లేచి తీసుకురా!"

"ఎక్కణ్ణుంచి తేను? పెద్ద బజారు కొట్టువాడు డబ్బా మొత్తం కొనాలంటాడు. ఆరు పెన్నీలు! అరపెన్నీకి తారు కొలిచి ఇచ్చేది ఈ ఊరు మొత్తానికీ కెజాయా ఒక్కతే."

"ఆవిడ పెట్టెకే కదయ్యా తారు కావాల్సింది!"

"అదే మరి వచ్చిన చిక్కు" అన్నాడు ఈనాక్.

ఈ అరపెన్నీకి పెద్ద చరిత్రే ఉంది. వెనకటి రాజుల కాలంలో వెండి పెన్నీని కత్తిరించి రెండు ముక్కలు చేసి, ఆ ముక్కనే అరపెన్నీ అని చలామణి చేసేవారట. ఆ ముక్కకు వచ్చే సరుకును 'హాఫ్‌పెన్నీవర్త్', అంటే అరపెన్నీపాటి, అని ముందు నిండుగానే పలికేవారు. జేబుల్లో తిరిగి తిరిగి నాణెం అరిగినట్టు, నోళ్ళలో తిరిగి తిరిగి ఆ మాటా అరిగింది. అంత పొడుగు మాట చివరికి 'హేపత్' అయి కూర్చుంది. కెజాయా అమ్మమ్మ నాటికి హేపత్ అంటే ఇద్దరు పిల్లలకు సరిపోయే రొట్టె. కెజాయా నాటికి కాగితం పొట్లంలో చిటికెడు టీ, లేదా చెంచాడు తీపి నల్లపాకం. ఆమె ఇంటి ముందుగది దుకాణంలో నలభై ఏళ్ళు ఆ హేపత్‌లనే తూచింది. ఒక పలుకు ఎక్కువ వేయదు, ఒక పలుకు తక్కువ వేయదు. పనికిమాలిన పని ఎవరు చేసినా "ఓరి హేపత్!" అనేది. అంటే అరపెన్నీకి మించి ఖరీదు చేయవు అని. తిట్టే, కానీ ఆమె ఆ తిట్టు ఇష్టమైనవాళ్ళకు తప్ప వాడేది కాదు. ఈనాక్‌ను మాత్రం అతని ఆరో ఏట నుంచి రోజూ అనేది.

ఈనాక్ ఖాళీ కుండ పట్టుకుని ఇంకెర్మన్ వీధి చివర కెజాయా ఇంటికి వెళ్ళాడు. చావు జరిగిన ఇల్లు కాబట్టి తెరలన్నీ దించేసి ఉన్నాయి, అద్దానికి దుప్పటి కప్పారు, దుకాణం తలుపు గంటకు గుడ్డ చుట్టారు. ముసలమ్మ వెనకగదిలో బల్ల మీద ఉంది. థిర్జా మేడమీద నల్లగౌను ఇస్త్రీ చేసుకుంటోంది. పక్కింటి నట్టాలమ్మ పెరటి రాగి డేగిశాలో పందితొడ ఉడకబెడుతోంది. పిలిస్తే ఎవరో ఒకరు పలికేవారు. కానీ చావు ఇంట్లో నిలబడి "అమ్మా, అరపెన్నీ తారు" అని కేక వేయడానికి ఈనాక్‌కు నోరు రాలేదు.

దుకాణం లోపల కటిక చీకటి. అయితేనేం, తారు తొట్టి ఎడమపక్క, నల్లపాకం తొట్టి కుడిపక్క ఉంటాయని అతనికి నలభై ఏళ్ళుగా తెలుసు. తడుముకుంటూ ఎడమ తొట్టి మూత తీసి, గరిటెతో కుండలోకి వేసుకున్నాడు. వాసన చూడాలన్న ఆలోచన రాలేదు. వచ్చినా లాభం లేదు. వడ్రంగుల వజ్రం జిగురు, నస్యం కలిసి ముప్పై ఏళ్ళలో ఆ ముక్కును ముఖానికి అలంకారంగా మాత్రమే మిగిల్చాయి. నిజాయితీపరుడు కాబట్టి దుకాణం బల్ల మీద ఒక అరపెన్నీ పెట్టి వచ్చాడు.

కుర్చీలు లోపలికి తేవడానికి దారి కావాలని నట్టాలమ్మ ముందురోజే ఆ రెండు తొట్లనూ అటూ ఇటూ మార్చిన సంగతి అతనికి తెలియదు.

తన కొట్టంలో పొయ్యి మీద పెట్టగానే సరుకు ఎప్పటికన్నా తొందరగా కరిగింది. బుడగలు కూడా వచ్చాయి. "ముసలమ్మ దగ్గర సరుకంటే సరుకే" అని మెచ్చుకుంటూ ఈనాక్ దాన్ని కాళ్ళవైపు కీళ్ళల్లో పోశాడు. చల్లారాక అది నల్లగాజులా మెరుస్తూ గట్టిపడింది. వేలితో కొడితే టంగుమంది. అంత అందంగా తారు పట్టిన పెట్టెను అతను జీవితంలో చూడలేదు.

వీధిలో మాత్రం వాసన ఊరుకోలేదు. నట్టాలమ్మ పెరట్లోంచి గొంతెత్తింది.

"ఎవరే ఆ టాఫీ కాచుకుంటున్నది? గోడకివతల శవం ఉండగా మీ నాలుక ఒక్కరోజు ఆగలేదా? సిగ్గులేని జన్మలు!"

మధ్యాహ్నానికి ఈనాక్, నలుగురు మోసేవాళ్ళు పెట్టె తెచ్చి ముసలమ్మను అందులో సర్ది, వెనకగదిలో రెండు కుర్చీల మీద పెట్టారు. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. అంతలో థిర్జా ముందుగదిలోకి చక్కెర కోసం వెళ్ళి, చేతిలో దీపంతో అలాగే నిలబడిపోయింది.

"నట్టాలత్తా, ఒకసారి ఇటు రా" అంది సన్నగా.

బల్ల మీద అరపెన్నీ. నల్లపాకం తొట్టి మూత పక్కకు జరిగి ఉంది. గరిటె తడిగా ఉంది.

"దుకాణం మూసి నాలుగు రోజులైంది. ఎవరు కొన్నారత్తా?"

నట్టాలమ్మ నాణెం వంక చూసింది, వెనకగది వంక చూసింది, గొంతు తగ్గించింది. "ఎవరు కొన్నారని కాదు పిల్లా. ఎవరు అమ్మారని అడుగు."

పది నిమిషాల్లో ఆ మాట వీధి దాటింది. కెజాయా ప్రాణం పోయినా బేరం పోగొట్టుకోలేక లేచి వచ్చి కొలిచి ఇచ్చిందని ఒకరన్నారు. గరిటె చప్పుడు తాము విన్నామని ఇద్దరన్నారు. పన్నెండు మంది వస్తారనుకున్న చావుకు అరవై మంది వచ్చారు. వచ్చినవాళ్ళంతా ముందు నాణేన్ని చూసి, తర్వాత ముసలమ్మ నుదురు ముట్టుకుని, "చెయ్యి ఇంకా దుకాణం మీదికే చాచినట్టుందమ్మా" అని చెప్పుకున్నారు.

"ఆ అరపెన్నీ నాది" అని ఈనాక్ ఒక్క మాట అంటే ఆ పుకారు అక్కడే తెగిపోయేది. కానీ చివరి ఘడియలో చావు ఇంట్లోకి దొంగలా దూరి తారు తీసుకున్నానని అరవై మంది ముందు ఎలా చెప్పడం? 'రెండు గంటలు ఓపిక పడితే అంతా మట్టిలో కలిసిపోతుంది' అనుకుని టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

అరవై మందికీ టీ పెట్టాలి కాబట్టి పొయ్యిలో బొగ్గు పారతో పోశారు. సెప్టెంబరు ఎండ. తెరలు తీయకూడదు, కిటికీ తెరవకూడదు. గది కొలిమిలా అయింది. అప్పుడు కుర్చీ కింద, థిర్జా పొద్దున్నే తెల్లగా తోమిన బండ మీద, టప్పుమని ఒక నల్లటి చుక్క పడింది. దాని వెనక ఇంకొకటి.

ముందు చూసింది నట్టాలమ్మ కుక్క టింకర్. అది పెట్టె కిందకు దూరి నాకడం మొదలుపెట్టింది.

తర్వాత ఆ గదిలో లేచిన కేక గురించి చాలాకాలం చెప్పుకున్నారు. ఒకావిడ చేతిలోని కప్పుతో సహా పడిపోయింది. నట్టాలమ్మ కుక్క తోక పట్టుకుని లాగింది. కుక్క వెనక్కి వచ్చింది కానీ నాలుక ఇంకా ముందుకే ఉంది. "అమ్మా" అంటూ థిర్జా పెట్టె మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

జనంలోంచి మిస్టర్ వార్డిల్ ముందుకు వచ్చాడు. ఆయన చాపెల్ పెద్ద. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఊరి పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరు. ఆ నెలలోనే పక్కవీధిలో విషజ్వరం తగిలి రెండిళ్ళు మూయించాడు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు పోయారు.

"ఎవరూ కదలకండి" అన్నాడు. చుక్క మళ్ళీ పడింది. "కాదు, అందరూ బయటికి నడవండి. థిర్జా, మీ అమ్మకు చివర్లో జ్వరం వచ్చిందా?"

"గుండె ఆగిందని డాక్టరుగారే రాసిచ్చారండీ."

"గుండె ఆగితే ఇలా నల్లగా కారదమ్మా. ఇది చాపెల్‌లోకి రావడానికి వీల్లేదు. సాయంత్రం మునిసిపాలిటీ బండి వస్తుంది. సున్నం వేసి గోడవారన పెట్టించాలి. ఇంట్లోని తిండి మొత్తం కాల్చేయండి, ఆ పందితొడ కూడా."

థిర్జా ఏడవలేదు. "ముప్పై ఏళ్ళు కట్టిందండీ" అంది అంతే. "వారం తప్పకుండా కట్టింది. నాకు జబ్బు చేసి మిల్లుకు పోలేని రోజుల్లోనూ కట్టింది."

"తెలుసమ్మా. నా చేతిలో లేదు" అన్నాడు వార్డిల్.

జనం బయటికి పోవడానికి దుకాణం తెర ఎవరో పైకి లాగారు. నాలుగు రోజుల తర్వాత ఆ గదిలోకి వెలుతురు వచ్చింది. ఈనాక్ తొట్ల వంక చూశాడు. ఎడమ తొట్టి చుట్టూ కందిరీగలు ముసురుతున్నాయి.

"నట్టాలమ్మా" అన్నాడు. "ఈ తొట్లు ఎవరు మార్చారు?"

"నేనే. కుర్చీలకు దారి వద్దూ? ఇప్పుడు తొట్ల సంగతెందుకయ్యా నీకు?"

ఈనాక్‌కు వడ్రంగం తప్ప ఇంకో పని రాదు. మిల్లులు సరిగా తిరగని ఊళ్ళో తిండి పెడుతున్నది చావులే. శవపేటికకు నల్లపాకం పూసిన వడ్రంగిని రేపు ఎవరు పిలుస్తారు? కోళ్ళగూడు కూడా చేయించుకోరు. నోరు మూసుకుంటే సాయంత్రానికి బండి వస్తుంది, సున్నం పడుతుంది, సంగతి అక్కడితో ముగుస్తుంది. అతను థిర్జా చేతుల వంక చూశాడు. అవి ఇంకా పెట్టె మీదే ఉన్నాయి.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పడబోతున్న చుక్కను వేలితో అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

నట్టాలమ్మ చేతుల్లోని టింకర్ అతని వంక చూస్తూ మూతి నాక్కుంది.

"నల్లపాకం" అన్నాడు ఈనాక్ చప్పరిస్తూ. "తారు అనుకుని నేనే కాచి పోశాను. ఆ అరపెన్నీ కూడా నాదే."

సెలీనా గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారింది. "గొర్రె అని చెప్పాను" అంటోంది. "వినలేదు. గొర్రె అని చెప్పాను."

వార్డిల్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "దూరం జరగండి! జ్వరం ఇతని తలకెక్కింది. ఇతన్ని కూడా బండిలో ఎక్కించాలి."

"జ్వరం లేదు, ఏం లేదు! నాకి చూడండి!"

"అయ్యో పాపం, ఎలా మాట్లాడుతున్నాడో!" అన్నారు జనం.

"ఓగ్డెన్, నేనూ ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణే" అన్నాడు వార్డిల్. "పాకం కాస్తే ఏమవుతుందో నాకు తెలియదా? టాఫీ అవుతుంది. రాయిలా బిగుస్తుంది. ఎంత ఉక్కపోసినా మెత్తబడుతుందేమో గానీ ఇలా నీళ్ళలా కారదు. ఇది కారుతోంది. కాబట్టి పాకం కాదు."

ఆ మాటలో తప్పులేదు. ఇద్దరు మనుషులు, ముట్టుకోవాలా వద్దా అనుకుంటూ అతని భుజాల దాకా చేతులు తెచ్చారు.

"ఆగండి" అంది థిర్జా.

ఆమె వంగి, ఈనాక్ లాగానే వేలికి అద్దుకుని, నాలుక మీద వేసుకుంది. తర్వాత ముసలమ్మ తలవైపు ఒకసారి చూసి, క్షమించమన్నట్టు పెట్టె అంచు నిమిరింది.

"పాకమే. వేడి తగిలితే కారుతుంది. గట్టిగా ఉండదు" అంది. "ప్రతి సోమవారం పొద్దున్నే మా అమ్మ ఆ తొట్టిలో రెండు చెంబుల నీళ్ళు పోసేది."

నలభై ఏళ్ళు పలుకు తేడా రాకుండా తూచిన మనిషి. ఆమె త్రాసు మీద ఒట్టు పెట్టి ఆ ఊళ్ళో తగువులు తీర్చుకునేవారు. ఆ మనిషి పేరును సొంత కూతురే, శవం ఎదురుగా, అందరి ముందు నేలపాలు చేసింది. థిర్జా ముఖం గోడకున్న సున్నం కన్నా తెల్లగా ఉంది.

"మూడు" అంది నట్టాలమ్మ.

"ఏంటత్తా?"

"రెండు కాదు పిల్లా, మూడు చెంబులు. మన రెండిళ్ళ మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ. ప్రతి సోమవారం చప్పుడు విని లెక్కపెట్టేదాన్ని."

"మిల్లు సమ్మె జరిగిన ఏడు నాలుగు" అన్నారు వెనకనుంచి ఎవరో.

"అందరికీ తెలుసా?" అంది థిర్జా. "తెలిసీ ఎందుకు కొన్నారు?"

నట్టాలమ్మ కుక్కను చంకలోకి ఎత్తుకుంది. "చేతిలో అరపెన్నీ కూడా లేని రోజున పొట్లం చేతిలో పెట్టి పొమ్మనేది ఇంకెవరే? ఆ నీళ్ళు లేకపోతే ఆవిడ మాత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇచ్చేది? నీళ్ళు పోసిందని మేమెప్పుడైనా అన్నామా? అనం. నీకిప్పుడు చెప్పాల్సొచ్చింది గానీ."

వార్డిల్ చేతి తొడుగు తీసి, చిటికెన వేలి కొస తాకించి, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఇటు తిరగడానికి కొంచెం ఆలస్యమైంది. తిరిగాక పుస్తకం తీసి, "నల్లపాకం. నీళ్ళు కలిసినది. ప్రమాదం లేదు" అని రాసుకున్నాడు. తర్వాత "మూడు చెంబులే" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

రెండింటికి బయలుదేరాల్సిన శవం మూడున్నరకు బయలుదేరింది. కొండ దారి పొడుగునా కందిరీగలు వెంట వచ్చాయి. కాళ్ళవైపు మోస్తున్న ఇద్దరూ రెండు చేతులూ పెట్టెకే ఇచ్చి, కుట్టిన చోటల్లా కుట్టించుకుంటూ నడిచారు. పాదిరిగారు ప్రార్థన చదువుతూ మధ్యమధ్య పుస్తకంతో గాలిని కొట్టారు. ఉత్తరపు గోడ దగ్గర థిర్జా చెయ్యెత్తి ఒక నిమిషం ఆపించింది. ఆ నిమిషంలో కందిరీగలు కూడా పెద్దగా కుట్టలేదని మోసినవాళ్ళు తర్వాత చెప్పారు. గోతి దగ్గర పెట్టె దించబోతే వాళ్ళ అరచేతులు అంటుకుపోయి రాలేదు. బలవంతంగా ఊడబెరికారు. "బేరం తెగేదాకా ముసలమ్మ వదలదురా" అన్నాడు ఒకడు చేతులు నాక్కోబోయి, ఎందుకో మానుకుని. చాపెల్ గంట మోగింది. మట్టి పడింది.

ఈనాక్ పందితొడకు వెళ్ళలేదు. సెలీనా మాత్రం, తన తప్పేమీ లేదు కాబట్టి, వెళ్ళి రెండు పళ్ళేలు తిన్నది. అతను దుకాణం బయట, కిటికీ పక్కన, రేపటి నుంచి ఏ ఊళ్ళో బతకాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. థిర్జా చేతిలో పళ్ళెం, పళ్ళెం అంచున పొద్దుటి అరపెన్నీ.

"ఇది తీసుకో. నీళ్ళు పోసిన సరుకుకు నేను డబ్బు పుచ్చుకోను."

"థిర్జా, నేను ఆరు పెన్నీల డబ్బా కొని ఉంటే…"

"కొని ఉంటే మా అమ్మ చెంబుల సంగతి చెప్పుకోవడానికి అరవై మంది వచ్చేవాళ్ళా? పన్నెండు మంది వచ్చి, టీ తాగి పోయేవాళ్ళు." నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది. అచ్చం ముసలమ్మ పెట్టుకున్నట్టే. "చల్లారిపోతోంది. లోపలికి తగలడు, హేపత్!"

లోపలున్న అరవై మందీ ఒక్క క్షణం నమలడం ఆపారు. ఆ గొంతు ఆ గుమ్మంలో మళ్ళీ వినపడుతుందని ఎవరూ అనుకోలేదు. ఈనాక్ టోపీ తీసి లోపలికి వెళ్ళాడు.

మరుసటి సోమవారం థిర్జా దుకాణం తెరిచింది. చెంబుల చప్పుడు ఎన్నిసార్లు వినిపించిందో నట్టాలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఈనాక్‌ను చావులకు పిలవడం ఊళ్ళో ఎవరూ మానలేదు. కాకపోతే పెట్టె ఇంటికి రాగానే ముందు కుక్కను దాని చుట్టూ ఒకసారి తిప్పేవారు.

అరపెన్నీ నాణేన్ని ప్రభుత్వం కొన్నాళ్ళకు రద్దు చేసింది గానీ, హేపత్‌లను రద్దు చేయడం మాత్రం దాని వల్ల కాలేదు.